ఇంటికొచ్చిన పాఠం ఇల్లు చూడలేదు

దూరం అనే మాట మాకు కొత్త కాదు. బడిలో అంబేడ్కర్ ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చుని చదివాడు. గుడిలోకి రానివ్వని మనిషి తన మొరని గబ్బిలంతో శివుడికి చెప్పి పంపుకున్నాడని జాషువా 1941లో కావ్యం రాశాడు. వాడ ఊరికి ఎడంగా ఎందుకుందో మాకెవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అందుకే 2020లో చదువు దూరం నుంచి వస్తుందన్నప్పుడు మేం దాన్ని ఒట్టి సాంకేతిక విషయంగా చూడలేకపోయాం. ఎవరికి ఎవరు దూరం? ఆ దూరం ఎవరు దాటాలి? ఈ ప్రశ్నలతోనే ఆరు నుంచి ఎనిమిది తరగతుల తెలుగు, సాంఘికశాస్త్రం ఇంటి చదువుని ఇక్కడ పరిశీలిస్తున్నాం.

తెలంగాణలో 2020 మార్చిలో బడులు మూసేశారు. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లలో పాఠాలు మొదలుపెట్టారు. వాటికి తోడు వర్క్‌షీట్లు. ఆరు, ఏడు, ఎనిమిది పిల్లలు 2021 ఫిబ్రవరి చివర్లో బడి మొహం చూశారు, నెల తిరక్కుండా మళ్లీ ఇంటికొచ్చారు. 2021 సెప్టెంబర్ 1న బడులు తెరిచారు. కానీ గురుకులాలు తెరవొద్దని ముందురోజే హైకోర్టు ఆపింది. అక్టోబర్‌లో గానీ అనుమతి రాలేదు. ఒక్కో గదిలో పదులమంది పడుకునే చోట రోగ భయం నిజమే, కాదనం. కానీ అందరికంటే ఎక్కువ రోజులు దూరం చదువుకి అప్పజెప్పబడ్డది ఏ పిల్లలో గుర్తుపెట్టుకోవాలి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివేది ఎవరి బిడ్డలు?

సెల్లు లేదు, సిగ్నల్ లేదు అనే మాట అందరూ అన్నారు. అది నిజం. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పల్లె కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి వందకి అయిదు కూడా లేవు. 2021 ఆగస్టులో జ్యాఁ ద్రెజ్, రీతికా ఖేరా తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద కుటుంబాల పిల్లల మధ్య సర్వే చేయించారు. పల్లెల్లో దళిత, ఆదివాసీ పిల్లల్లో ఆన్‌లైన్‌లో క్రమంగా చదివేది వందకి నలుగురు, మిగతా పిల్లల్లో పదిహేను మంది. పేదరికంలో కూడా కులం ఎట్లా పనిచేస్తదో ఈ రెండు అంకెలు చాలు.

అయితే విమర్శ ఇక్కడితో ఆగిపోతే, ఇంటింటికీ ఒక ట్యాబ్ ఇస్తే సమస్య తీరినట్టే అవుతుంది. మేం ఒప్పుకోం. ట్యాబ్ వచ్చినా పాఠం అదే కదా.

లెక్కల పాఠం వేరు. తెలుగు, సాంఘికశాస్త్రం వేరు. ఈ రెంటికీ ముడిసరుకు పిల్ల నోట్లోనే ఉంది, గడప బయటే ఉంది. మన పాఠ్యపుస్తకాలకి ఈ సంగతి కొంతైనా తెలుసు. పాఠం చివర అవగాహన-ప్రతిస్పందన, వ్యక్తీకరణ-సృజనాత్మకత, ప్రాజెక్టు పని అని శీర్షికలు పెట్టారు. ఇవన్నీ పదిమంది కూర్చుని మాట్లాడుకుంటే జరిగేవి. టీవీ ముందు ప్రతిస్పందన ఎవరికి చెప్పాలి? చెయ్యెత్తితే ఎవరు చూస్తారు? అడగడానికి, వాదించడానికి, 'మా దగ్గర అట్ల కాదు సార్' అనడానికి ఉన్న కాస్త జాగా ముందుగా పోయింది. మిగిలింది ఖాళీలు పూరించడం, జతపరచడం. 'చేనుకు పోయినం' అనే పిల్లకి ఆ ఖాళీలో ఒకే ఒక్క ఒప్పు జవాబు ఉంది, అది ఆమె నోటిది కాదు.

ఇంటిపని అనే మాట చూడండి. మాష్టారికి అది హోంవర్కు. మా ఆడపిల్లకి బోళ్లు, నీళ్లు, తమ్ముడు, ఆపైన పత్తి చేను. రెండు ఇంటిపనులూ ఒకే పిల్ల మీద పడ్డాయి. మొదటిదానికి మార్కులున్నాయి, రెండోదానికి పేరే లేదు. ఆ రెండోదాన్ని గురించి రాయమని అడిగి ఉంటే అది తెలుగు పాఠమయ్యేది, సాంఘికమూ అయ్యేది.

ఆపత్కాలంలో ఏదో ఒకటి చేశారు కదా, దానికీ వంకలేనా అంటారు. చేసినదాన్ని తీసిపారేయడం లేదు. ఊళ్లకి వెళ్లి చెట్టు కింద పిల్లల్ని కూర్చోబెట్టిన ఉపాధ్యాయులున్నారు, వాళ్లకి దండం. కానీ ఆ నెలల్లోనే వలస కూలీలు వందల మైళ్లు నడిచొచ్చారు. ఉపాధి హామీ కూలి 2020-21లో మన రెండు రాష్ట్రాల్లో రోజుకి 237 రూపాయలు. అమ్మ జాబ్‌కార్డు తీసి, ఎన్ని రోజులు పని చేసింది, ఎంత పడింది, ఎంత రావాలి అని పిల్ల చదివి రాస్తే అది చదవడం, రాయడం, పౌరశాస్త్రం మూడూ. నడిచొచ్చిన బాబాయిని అడిగి ఆయన మాటల్లోనే రాస్తే అది చరిత్ర. దీనికి సిగ్నల్ అక్కర్లేదు. వాడకి చెప్పడానికి ఏదో ఉందని నమ్మే పాఠం కావాలి. మాకు అక్షరం రాని అమ్మానాయినలే మొదటి పంతుళ్లు. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లుగా ఈ మాట గట్టిగా చెప్తున్నాం.

ఇది గడిచిపోయిన కథ కాదు. 2020 జూలైలో వచ్చిన జాతీయ విద్యావిధానం ఆన్‌లైన్ విద్యకి ఒక అధ్యాయమే కేటాయించింది. ఈ తేడాల సంగతి అందులో ప్రస్తావించారు కూడా. కానీ అందేదాకా పంపడం గురించే బెంగ, పంపేది ఎవరి చదువు అన్న బెంగ లేదు. 1910లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్ ఇసామియా బజారులో దళిత పిల్లలకి బడి పెట్టినప్పుడు దూరాన్ని పిల్లల మీద వేయలేదు, బడినే దగ్గరికి తెచ్చాడు. మేం అడిగేదీ అదే. ఇంటికి పంపే ప్రతి తెలుగు, సాంఘిక పాఠంలో ఆ ఇంటివాళ్లని అడిగి రాయాల్సిన ప్రశ్న ఒకటుండాలి. పిల్ల తన యాసలో రాసిన జవాబుకి పూర్తి మార్కులుండాలి. ఆ రాతలు తరగతిలో చదవాలి. అప్పటిదాకా ఎన్ని ఛానెళ్లు పెట్టినా అది మా ఇంట్లోకి వచ్చి మాతో మాట్లాడకుండా పోయిన చుట్టమే.