ఏ కత్తి ఎందుకు

భివండీలో పూర్ణ గోదాముల దగ్గర, ఠాణే రోడ్డు పక్కన బండి ఆపి కొబ్బరి బోండాం తాగేవాళ్లు నీళ్లు చూసుకుంటారు గానీ కొట్టే చేతిని చూడరు. నేను చూస్తాను. కాయ ఎడమ అరచేతిలో. కోయతాతో, అదే చెరకు నరికే కత్తితో, మూడు దెబ్బలు నేరుగా, నాలుగోది వాలుగా. మూత లేస్తుంది, చుక్క ఒలకదు. భుజం కదలదు, మణికట్టే ఆడుతుంది. మిగతా పని కత్తి బరువు చూసుకుంటుంది.

మొన్న మా మేనల్లుడు ఆన్‌లైన్‌లో ఓ పెద్ద కత్తి తెప్పించాడు. అడవిలో పనికొస్తుందట. ఇక్కడి పద్మానగర్‌లో సాంచా మగ్గాల చప్పుడు మధ్య పుట్టినోడికి అడవెక్కడిదో! పది అంగుళాల అలుగు, నల్ల పూత, వెన్ను మీద రంపపు పళ్లు. "చూడు మామా, చేతి మీది వెంట్రుకలు రాలుతున్నయ్" అన్నాడు. రాలాయి, నిజమే. ఎండిన చింత కొమ్మ మీద నాలుగు దెబ్బలు వేసేసరికి అంచు రెండు చోట్ల పెచ్చులూడింది.

అదే కొమ్మ మీద మా తాత కత్తి తీశాను. తెలంగాణ నుంచి భివండీకి వచ్చేటప్పుడు మూటలో తెచ్చుకున్నది. ఊరి కమ్మరి లారీ కమాన్ పట్టాతో కొట్టిచ్చాడు. చూపుకు మొద్దు, పిడి రెండుసార్లు మారింది. కొమ్మ తెగింది, అంచు కాస్త మడత పడింది. సానరాయి మీద పది నిమిషాలు రుద్దితే మళ్లీ దారికొచ్చింది.

తేడా ఇక్కడే ఉంది. ఉక్కు మరీ గట్టిపడితే పదును నిలుస్తుంది గానీ దెబ్బకు చిట్లుతుంది. నరికే కత్తికి కొంచెం సాగే గుణం కావాలి. కమాన్ పట్టా లారీ బరువు మోస్తూ గుంతల్లో వంగి లేవడానికే పుట్టిన ఉక్కు. నేపాల్‌లో కుక్రీ చేసే కామీలు ఎర్రగా కాలిన అంచు మీద మాత్రమే కెటిల్‌తో నీళ్లు ధారగా పోస్తారు. అంచు గట్టిపడుతుంది, వెన్ను మెత్తగా మిగిలి దెబ్బను తట్టుకుంటుంది.

బరువు ఎక్కడుందన్నది రెండో సంగతి. కోయతా బరువు ముందుకు తూగుతుంది, అందుకే నరుకుతుంది. అందుకే దానితో ఉల్లిగడ్డ తరగలేం. అన్ని పనులకూ ఒకటే కత్తి అని అమ్మేవాడి మాట నేను నమ్మను.

ఇంకో మాట. తొమ్మిది అంగుళాలకు మించిన అలుగు గానీ, రెండంగుళాలకు మించిన వెడల్పు గానీ ఉంటే, 2016 ఆయుధాల నిబంధనల్లో అది ఆయుధాల జాబితాలోకి వస్తుంది. ఇంటికీ సేద్యానికీ చేసిన వాటికి మినహాయింపు ఉంది. కోయతా చెరకు కోసేది. రంపపు పళ్ల నల్ల కత్తి దేనికని పోలీసు అడిగితే మావాడు ఏం చెబుతాడు?

కొమ్మలు కొట్టాలంటే నా ఓటు కమాన్ పట్టా కత్తికే. తక్కిన పనులకు జానెడు చాకు చాలు. మావాడి కత్తి ఇప్పుడు మా వంటింట్లో పుచ్చకాయలు కోస్తోంది. బాగానే కోస్తోంది.