నీలిదారపు పోగులు

రెటిక్యులోసైట్ కౌంటు అను పేరు రిపోర్టులో కనబడగానే రోగి బంధువులు బెదరుట నే నెరుగుదును. కాని ఎముక మూలుగనుండి నిన్ననో నేడో రక్తములోనికి దిగిన పసికణము లెన్ని యున్నవో తెలిసికొనుటకంటె ఆ పరీక్షలో వేరు రహస్యము లేదు. ఎర్రకణము తన కేంద్రకమును మూలుగలోనే విడిచి వచ్చును గాని, హిమోగ్లోబిన్ తయారీకి తోడ్పడిన ఆర్‌ఎన్‌ఏ శేషము మరియొక దినము దాని గర్భమున నిలిచి పిమ్మట నశించును.

మామూలు స్మియరుకు రక్తమును స్లైడుపై ఆరబెట్టిన పిమ్మట రంగు వేయుదుము. ఇక్కడ కణము సజీవముగా నుండగనే రంగు పట్టవలెను. న్యూ మిథిలీన్ బ్లూ చుక్కలు రెండుమూడు, అంతే రక్తము, చిన్న గొట్టములో కలిపి, 37 డిగ్రీల వెచ్చదనమున పావుగంట యుంచి, మరల మెల్లగ కదిపి, స్లైడుపై పలుచగ పరచి మైక్రోస్కోపులో చూచినచో, లేతపచ్చని వన్నెలో వెలవెలబోవు ముదురు కణముల నడుమ, ఎక్కడనో యొక దానిలో చిక్కువడిన నీలిదారపు పోగు కానవచ్చును. చూపు చెదరకుండ కంటికటకములో చదరపు రంధ్రము గల కాగితపు ముక్క నమర్చుకొని వెయ్యి కణములు లెక్కించుట మా గురువులు నేర్పిన పద్ధతి. ఆరోగ్యవంతులలో అట్టివి వెయ్యింటికి 5 మొదలు 25 వరకు నుండును.

ఈ లెక్కను శాతముగా చెప్పుదురు గాని, ఆ శాతమును ఒంటరిగా నమ్మరాదు. ఆ మధ్య ఒక గర్భిణి రిపోర్టులో 3 శాతమని చూచి, మూలుగ చక్కగ పనిచేయుచున్నదని యువవైద్యు డొకరు సంతసించిరి. ఆమె హెమటోక్రిట్, అనగా రక్తములో ఎర్రకణముల పాలు, 15 శాతము మాత్రమే! ఉండవలసిన 45తో పోల్చి సరిచేయగా 3 శాతము 1 శాతమైనది. అంతటి రక్తహీనతలో పసికణములు నెలలు నిండకయే బయటపడి రెండు దినములకు పైగా రక్తములో తిరుగును గనుక 2.5తో భాగింపగా మిగిలినది 0.4. మూలుగ పనిచేయుట లేదు. దానికి ముడిసరకు లేదు. ఫోలిక్ ఆమ్లపు కొరత యని తేలినది.

సోదరులను స్ప్రూ వ్యాధికి కోల్పోయిన మన భీమవరపు బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ ప్రయోగశాలలో తన బృందముచే 1945 నాటికి సాధింపించిన మందే అది. రక్తహీనతకు కాలేయ చికిత్సతో మైనాట్ అను వైద్యుడు 1926లో లోకమును మెప్పించినప్పుడు గూడ, హిమోగ్లోబిన్ పెరుగుటకు ముందే వారము తిరుగకుండ సాక్ష్యము పలికినవి ఈ పసికణములే.

ఆ గర్భిణికి ఫోలిక్ ఆమ్లము మొదలిడిన ఆరవనాటి స్లైడులో, ఆ చదరపు రంధ్రమున నీలిపోగులు రెండేసి మూడేసి కనబడుచుండగా, లెక్క ముగియకమునుపే నా కన్నులు చెమర్చినవి. కిటికీ యవతల ఆమె భర్త "రక్తం పెరిగిందాండీ?" అని యడిగెను.

"ఇంకా లేదు నాయనా, బయల్దేరింది" అంటిని.