తాడు పట్టిన చేయి, ఫేడర్ మీది వేలు

సురభి వారి ‘మాయాబజార్’ చూసినవాళ్లకు ఆ రంగస్థలం గురించి నేను కొత్తగా చెప్పేది తక్కువ. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ కుటుంబ నాటకం తెరల మీద, తాళ్ల మీద, గిలకల మీద నడుస్తూ వచ్చింది. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. ఎదురెదురు బాణాలు గాల్లో ఢీకొని నిప్పులు రాలుస్తాయి. అడవి తెర పైకి లేస్తే దర్బారు బయటపడుతుంది. దాని సరసన నేను పెడుతున్నది మీడియా సర్వర్. వేదిక వెనకున్న ఎల్ఈడీ గోడకో, ప్రొజెక్టర్‌కో కదిలే బొమ్మలు అందించే కంప్యూటర్ అది. లైట్ల కన్సోల్ దగ్గర కూర్చున్న మనిషి ఫేడర్ అనే మీట జరిపితే ఆ బొమ్మ మారుతుంది. ఒకదాన్ని ముసలి ముచ్చటగానూ, రెండోదాన్ని పెళ్లిపందిరి ఆర్భాటంగానూ తీసిపారేసేవాళ్లు ఉన్నారు. నాకు రెండూ ఇష్టమే.

చుట్టరికం ముందు చూద్దాం. సురభి వేదికకు లోతు తెచ్చేది ఒకదాని వెనక ఒకటి వేలాడే తెరలు, పక్కన వింగులు, పైన బోర్డర్లు. ఏ తెర ముందు, ఏది వెనక అన్న లెక్క తప్పితే అంతఃపురంలో అడవి మొలుస్తుంది. అలాగే సర్వర్‌లోనూ బొమ్మలు లేయర్లుగా ఉంటాయి. ఆకాశం ఒక లేయర్, దాని మీద మేడ, దాని మీద వాన. ఒక్కోదాన్నీ విడిగా వెలిగించవచ్చు, జరపవచ్చు, తిప్పవచ్చు. తెర ఉంటే ఉంటుంది, లేస్తే పోతుంది. లేయర్ అలా కాదు, సగం ఉండి సగం పోగలదు. సంధ్యవేళను రాత్రిలోకి కరిగించడం తెరకు చేతకాని పని.

తేడా అసలు మొదలయ్యేది ఏర్పాటు దగ్గర. సురభిలో ఏ తాడు ఏ తెరదో లాగేవాడి చేతికి తెలుసు. చిన్నప్పటి నుంచీ ఆ వింగు పక్కనే పెరిగాడు కాబట్టి ఎవరూ రాసి ఇవ్వక్కర్లేదు. సర్వర్‌కూ కన్సోల్‌కూ మధ్య మాత్రం అంతా అంకెల్లో రాసుకోవాలి. లైట్లవాళ్లు 1986 నుంచి వాడుతున్న డీఎమ్ఎక్స్ భాషలో యూనివర్స్ అనే ఒక్కో కట్టకు 512 ఛానళ్లు, ఒక్కో ఛానల్‌కు 0 నుంచి 255 దాకా విలువలు. సర్వర్ కూడా ఆ భాషలోనే ఒక లైటులా నటిస్తుంది. ఒక ఛానల్ ఏ ఫోల్డరో చెబుతుంది, ఇంకొకటి అందులో ఏ క్లిప్పో చెబుతుంది, మరొకటి ఎంత వెలుగో చెబుతుంది. ఏ ఛానల్ ఏ పని చేస్తుందో చెప్పే పట్టిక, అంటే కన్సోల్‌లో ఎక్కించిన ఫిక్స్చర్ ప్రొఫైల్, సర్వర్‌లో పెట్టిన మోడ్‌తో సరిపోవాలి. ఒక్క ఛానల్ అటూ ఇటూ అయినా, వెలుగు తగ్గించబోతే బొమ్మ తలకిందులవుతుంది.

ఈ అంకెలు ఇప్పుడు ఎక్కువగా నెట్‌వర్క్ కేబుల్ మీద, ఆర్ట్‌నెట్ రూపంలోనో ఎస్ఏసీఎన్ రూపంలోనో వెళ్తాయి. ఆర్ట్‌నెట్‌కు ఆనవాయితీగా 2తో మొదలయ్యే ఐపీ అడ్రసులు, 255.0.0.0 సబ్‌నెట్ మాస్క్ పెడతారు. కన్సోల్ 2.0.0.10లో ఉండి, సర్వర్ ఇంట్లో వాడిన 192.168 అడ్రసులోనే ఉండిపోతే ఒకదాని మాట ఒకదానికి వినిపించదు. విండోస్ ఫైర్‌వాల్ దారి మూసినా అంతే. అన్నిటికన్నా అల్లరి చిక్కు లెక్కపెట్టడంలో ఉంది. ఆర్ట్‌నెట్ యూనివర్స్‌లను 0 నుంచి లెక్కిస్తే, ఎస్ఏసీఎన్ 1 నుంచి లెక్కిస్తుంది. కన్సోల్ తెర మీద 1 అని కనిపించేది సర్వర్‌లో 0 కావచ్చు. కేబుల్ బాగుంటుంది, స్విచ్ లైట్లు మిణుకుమంటుంటాయి, బొమ్మ మాత్రం రాదు. నాటకం రోజు మధ్యాహ్నాలు ఇలాగే కరిగిపోతాయి. తాడు చిక్కుపడితే కంటికి కనిపిస్తుంది, ఎవరో ఒకరు ఎక్కి విప్పుతారు. అంకె చిక్కుపడితే ఎక్కడని ఎక్కుతారు?

అయితే తాడు కూడా ఊరికే మెత్తనిది కాదు. దాని నేర్పు ఎంత సూక్ష్మమో యంత్రం పక్కన పెడితేనే తెలుస్తుంది. ఒక డీఎమ్ఎక్స్ ఛానల్‌కు ఉన్నవి 256 మెట్లే. 3840 పిక్సెళ్ల వెడల్పున్న గోడ మీద రథాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి ఆ ఒక్క ఛానల్‌తోనే నడిపితే అది మెట్టుకు 15 పిక్సెళ్ల చొప్పున దూకుతుంది. వేగంగా వెళ్తే కన్ను పట్టుకోదు. చంద్రోదయంలా నిదానమైన కదలిక అయితే కుదుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే కదలికకు రెండు ఛానళ్లు కలిపి 65,536 మెట్లు చేస్తారు. సురభి చంద్రుడికి ఈ బాధ లేదు. తాడుకు మెట్లుండవు.

వెలుగు సంగతి మరోలా ఉంటుంది. గుడ్డ తెర వెలుగును తాగుతుంది, రంగు పూసిన చిత్రకారుడు ఆ సంగతి తెలిసే పూశాడు. నటుడి ముఖం మీద పడే దీపమే మిగిలింది తెరకు ఇస్తుంది. ఎల్ఈడీ గోడ తానే ఒక దీపం. దాన్ని పూర్తి వెలుగులో వదిలితే ముందు నిలబడ్డ కృష్ణుడు ఉత్త నల్లటి ఆకారం అవుతాడు. ప్రొజెక్టర్‌కు దీనికి పూర్తిగా ఎదురైన జబ్బు, ముఖం మీది లైటు చిందితే బొమ్మ వెలిసిపోతుంది. 2000ల తొలినాళ్లలో కాటలిస్ట్, హిప్పొటైజర్ వంటి సర్వర్లు వీడియోను లైట్ల కన్సోల్ చేతికి ఇవ్వడం ఇందుకే సబబు అంటాను. ముఖానికెంత, వెనక గోడకెంత అన్నది ఒక్క కన్ను చూసి తేల్చాల్సిన విషయం.

ఇక కాలం. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. పద్యం బాగా పాడితే మన ప్రేక్షకుడు ‘వన్స్‌మోర్’ అంటాడు. నటుడు రాగం మళ్లీ ఎత్తుకుంటాడు, హార్మోనియం వెంట వస్తుంది, తాడు పట్టిన మనిషి ఆగుతాడు. ఎంతసేపన్నది ఎవరికీ ముందు తెలియదు. పెద్ద సంగీత కచేరీల పద్ధతి వేరు. అక్కడ టైమ్‌కోడ్ నడుస్తుంది. పాట, లైటు, బొమ్మ అన్నీ సెకనులో 25వ వంతో, 30వ వంతో లెక్కన ఒకే గడియారానికి కట్టుబడతాయి. డప్పు దెబ్బకూ మెరుపుకూ పడే పొత్తు అద్భుతంగా ఉంటుంది, కాదనను. కానీ ఆ గడియారానికి వన్స్‌మోర్ వినిపించదు. పాడేవాడు ఒక ఆలాపన పెంచితే బొమ్మలో సూర్యుడు వాడికోసం ఆగకుండా అస్తమిస్తాడు.

అలాగని సర్వర్‌ను తప్పుపట్టలేం. ఆ యంత్రమే ఇంకో విధంగానూ నడుస్తుంది. క్లిప్పును లూప్‌లో పెట్టి, ‘గో’ బటన్ ఆపరేటర్ వేలికి వదిలితే, అడవి ఎంతసేపైనా గాలికి ఊగుతూ నటుడి కోసం కాచుకుంటుంది. ఆ వేలు చేసే పని తాడు పట్టిన చేయి చేసిన పనే. కాకపోతే ఆ చేయి వింగు పక్కన, నటుడి ఊపిరి వినిపించేంత దగ్గర ఉండేది. ఈ వేలు ప్రేక్షకుల వెనక, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని ఉంటుంది. దగ్గరితనం పోయింది, ఎదుటి నుంచి మొత్తం బొమ్మ చూసే వీలు వచ్చింది. ఏది మేలంటే నేను తేల్చలేను.

ఒకటి మాత్రం తేల్చగలను. పద్యనాటకానికి టైమ్‌కోడ్ పనికిరాదు. పరిషత్తు పోటీలకు ఎల్ఈడీ గోడ అద్దెకు తెచ్చే సమాజాలకు నా మనవి ఇది. రెండు నిమిషాల వీడియో ఒకటి చేయించి దాని వెంట నటుడిని పరుగెత్తించకండి. చిన్న చిన్న లూపులు చేయించండి, గోడ వెలుగు తగ్గించండి, బటన్ నొక్కే కుర్రాడిని రిహార్సల్స్ మొదటి రోజు నుంచీ హార్మోనిస్టు పక్కన కూర్చోబెట్టండి.