ఆకు రాకముందే పూసే అడవి

చైత్రంలో నల్లమలలోనో మారేడుమిల్లి కొండల్లోనో ఎండుగడ్డి తొక్కుకుంటూ నడుస్తుంటే, తలెత్తి చూడాల్సిందే తప్ప కింద ఏమీ లేదనిపిస్తుంది. మోదుగ ఎర్రగా పూసి రాలిపోయి ఉంటుంది, ఇప్పపూల వాసన గాల్లో ఉంటుంది, కాలికింద నేల బీటలు వారి ఉంటుంది. నక్కవుల్లి పూసేది సరిగ్గా అప్పుడే. ఆకు ఒక్కటీ ఉండదు. మట్టిలోంచి నేరుగా సన్నటి కాడ లేచి, దాని నిండా చిన్నచిన్న గంటల్లాంటి పూలు తలలు వంచుకుని వేలాడతాయి. వాటి రంగూ ఎండుగడ్డి రంగూ ఒకటే. నిలబడి చూస్తే దొరకవు. మోకాళ్ల మీద కూర్చుని, పొద్దు వాలినప్పుడు వెలుగు అడ్డంగా పడేలా చూస్తే ఒకటి కనిపిస్తుంది. ఒకటి కనిపించాక చుట్టూ మరో పది బయటపడతాయి.

ఎండల్లో పూసే ఈ ధైర్యం నక్కవుల్లికి గడ్డ ఇచ్చింది. కిందటి వానల్లో ఆకులు వండిన తిండంతా ఉల్లిపొరల్లో దాచుకుని ఉంది. ఎండల్లో ఆకు వేస్తే ఉన్న నీరు ఆవిరైపోతుంది కనుక ముందు పువ్వు, వానలొచ్చాక ఆకు. కంద కూడా ఇలాగే ఆకుకంటే ముందు పూస్తుంది. ఆ ఊదారంగు పువ్వు కుళ్లిన మాంసంలా కంపు కొట్టి ఈగల్నీ పురుగుల్నీ పిలుస్తుంది. చాలామంది ముక్కు మూసుకుని పక్కకు పోతారు. నేనైతే ఆగి చూడమంటాను.

ఎప్పుడు వెళ్లాలన్నదానికి క్యాలెండరు కంటే కార్తెలు నయం. భరణి, కృత్తిక కార్తెల్లో ఒక గట్టి వాన పడిందంటే, ఆ తర్వాతి రోజుల్లో అడవి నేలను వదలకూడదు. నెర్విలియా అనే నేల ఆర్కిడ్ అప్పుడే రాలిన ఆకుల్లోంచి పూకాడ ఒక్కటే పైకి పంపుతుంది. కొద్దిరోజుల్లో వాడిపోతుంది. అంతా అయ్యాకే దాని ఆకు వస్తుంది. అదీ ఒక్కటే ఆకు.

చెట్లమీది ఆర్కిడ్ల కోసం అడవికే పోనక్కర్లేదు. పాత మామిడితోటల్లో, ఇప్పచెట్ల మీద వాండా టెస్సెల్లేటా ఉంటుంది. ఒక తోటలో దాన్ని చూస్తూ నిలబడితే రైతు కొడవలి పట్టుకొచ్చాడు. "బదనిక కదండీ, చెట్టును పీల్చేస్తది" అన్నాడు. ఆయన తప్పు కాదు. చెట్టుమీద మొలిచిన ప్రతిదాన్నీ బదనిక అనడం మనకు అలవాటు. వాండా అన్న శాస్త్రీయ నామం కూడా సంస్కృతంలో అలాంటి మొక్కల్నే చెప్పే 'వందా' నుంచి వచ్చింది. కానీ అసలు బదనిక కొమ్మలోకి వేరు దింపి దాని రసం తాగుతుంది. అది అతుక్కున్నచోట కొమ్మ ఉబ్బి ఉంటుంది. వాండా వేళ్లు బెరడును పట్టుకుని వేలాడతాయంతే. ఆ రోజు నేను సీసాలోంచి గుక్కెడు నీళ్లు దాని తెల్లటి వేరుమీద పోశాను. సున్నం కొట్టినట్టున్న వేరు కళ్లముందే లేత ఆకుపచ్చకు తిరిగింది. వేరు పైనున్న స్పాంజి లాంటి పొర నీటిని లాగేసుకుంది, లోపలి పచ్చదనం బయటికి కనిపించింది. "దీనికి వాననీళ్లు చాలన్నమాట" అన్నాడాయన. కొడవలి చంకలో పెట్టుకుని ఇంకో వేరు చూపించి "దీనిమీద కూడా పొయ్యండి" అన్నాడు.

వాండా పువ్వును దగ్గరగా చూడాలి. మూడు బయటి రేకులు, మూడు లోపలివి. లోపలి మూడింటిలో ఒకటి ఊదారంగు పెదవిగా మారి పురుగు వాలడానికి గద్దె అవుతుంది. మిగతా రేకుల మీద పసుపు-పచ్చ నేలపై గోధుమరంగు గళ్లు, వెనకవైపు తెలుపు. సువాసన కూడా ఉంటుంది. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఈ మొక్క బొమ్మను 1795లో తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో అచ్చు వేశాడు. అంతకుముందు 1781 నుంచి 1793 దాకా ఆయన ఉన్నది మన సామర్లకోటలోనే. ఆ గ్రంథం మూడు సంపుటాల్లో 300 మొక్కల బొమ్మలు, చాలావాటికి తెలుగు పేర్లు. గీసినవాళ్లు ఇక్కడి చిత్రకారులు. వాళ్ల పేర్లు మనకు మిగల్లేదన్నది నాకు ఎప్పుడూ బాధే. కానీ వాళ్లు వదిలిన పద్ధతి గొప్పది: మొక్క మొత్తం గీసి, కింద పువ్వును విప్పి ఒక్కో భాగం విడిగా చూపడం. గీయడం రాకపోయినా ఆ ప్రయత్నం చేయండి. ఫోటో తీస్తే రేకులు లెక్కపెట్టం, గీస్తే తప్పదు.

అసలు చేయకూడనిది పెకలించడం. ఆర్కిడ్ విత్తనం ధూళి అంత. దానిలో తిండి నిల్వ ఉండదు. తగిన శిలీంధ్రం తోడైతేనే మొలుస్తుంది. ఇంటికి తెచ్చిన అడవి మొక్క ఎక్కువగా కుండీలో చచ్చిపోతుంది. చోటు పేరు చెప్పి ఫోటోలు పంచుకోవడం కూడా మంచిది కాదు. ఫోన్లో లొకేషన్ ఆపేయండి. నేనూ ఈ వ్యాసంలో కొండల పేర్లే చెప్పాను, వాగుల పేర్లు చెప్పలేదు.

నెర్విలియా పూసినచోట గుర్తుగా ఒక రాయి పెట్టుకున్నాను. ఆషాఢంలో మళ్లీ వెళ్తే పువ్వు జాడే లేదు. రాయి పక్కన, తడిసిన మట్టిని ఆనుకుని, హృదయాకారంలో మడతలు మడతలుగా ఒకే ఒక్క ఆకు విచ్చుకుంటోంది.