తుడిస్తే పోయే విలువ

1851 నమూనా కోల్ట్ నేవీ రివాల్వర్ బరువు సుమారు 1.2 కిలోలు. ఎనిమిది పలకల బ్యారెల్ పొడవు ఏడున్నర అంగుళాలు, సిలిండర్‌లో గదులు ఆరు. ఇత్తడి తూటాలు వాడుకలోకి రాని కాలపు ఆయుధం ఇది. ఒక్కో గదిలో ముందువైపు నుంచి మందు పోసి, సీసపు గుండు పెట్టి, బ్యారెల్ కింది లివర్‌తో దట్టించి, వెనక ఉన్న నిపుల్ మీద చిన్న రాగి క్యాప్ తొడగాలి. శామ్యూల్ కోల్ట్ కంపెనీ అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో 1873 దాకా వీటిని రెండు లక్షలకు పైగా తయారుచేసింది. 1850ల్లో కొన్నేళ్లే నడిచిన లండన్ ఫ్యాక్టరీలో మరో నలభై వేలు తయారయ్యాయి. అంటే కోల్ట్ నేవీ దొరకడం కష్టమేమీ కాదు. ఫ్యాక్టరీ గడప దాటిన నాటి పూత ఇంకా ఒంటిమీద ఉన్నది దొరకడమే కష్టం. సేకర్తలు ధర కట్టేది ఆ పూతకే.

ఆ పూత ఒకటి కాదు, నాలుగు రకాలు. బ్యారెల్‌నూ సిలిండర్‌నూ అద్దంలా మెరుగుపెట్టి, బొగ్గుతో పాటు కొలిమిలో కాచి నీలివన్నె తెప్పించేవారు. ఫ్రేమును, హ్యామర్‌ను ఎముకల బొగ్గులో పాతిపెట్టి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచేవారు. దాంతో పైపొర గట్టిపడేది, దానిమీద నీలం, బూడిద, గోధుమ రంగులు మబ్బుల్లా అలుముకునేవి. ఇత్తడి ట్రిగ్గర్ గార్డుకూ పిడి వెనక పట్టీకీ వెండి పూత, వాల్‌నట్ చెక్క పిడికి వార్నిష్. ఇవి నాలుగూ నాలుగు రకాలుగా పోతాయి. తోలు ఒరలో రాపిడికి బ్యారెల్ కొసన నీలం ముందు చెదురుతుంది. మబ్బురంగులు వెలుతురుకు వెలిసి బూడిదగా మారతాయి. అరచెయ్యి ఆనేచోట వెండి అరిగి ఇత్తడి బయటపడుతుంది. అనుభవజ్ఞుడు చూసేది ఎంత మిగిలిందని మాత్రమే కాదు, ఈ నాలుగు అరుగుదలలూ ఒకే కథ చెబుతున్నాయా అని. పిడి చెక్క నున్నగా అరిగిపోయి, బ్యారెల్ మాత్రం నిన్న కొన్నట్టు నీలంగా ఉంటే ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నట్టే.

తర్వాత కన్ను సిలిండర్ మీదికి వెళ్లాలి. 1843 మే 16న కాంపెచీ దగ్గర టెక్సస్ నావికాదళానికీ మెక్సికో ఓడలకూ జరిగిన పోరు దానిచుట్టూ చెక్కి ఉంటుంది. వాటర్‌మన్ ఆర్మ్స్‌బీ అనే నగిషీ కళాకారుడు దాన్ని చెక్కితే, ఆ అచ్చును ఉక్కు మీద దొర్లించి బొమ్మ దింపేవారు. రివాల్వర్‌కు నేవీ అన్న పేరు నిలిచింది ఈ బొమ్మతోనే. మోసినవాళ్లలో నేలమీది మనుషులు తక్కువేమీ కాదు, అమెరికా తుపాకీ వీరుడు వైల్డ్ బిల్ హికాక్ దంతపు పిడుల జంటతో తిరిగినవాడే. గీతలు పైపైన పడినవి కాబట్టి, వాడకానికి మొదట చెరిగిపోయేది ఆ ఓడలే. కిటికీ దగ్గర సిలిండర్‌ను ఏటవాలుగా తిప్పినప్పుడు తెరచాపలూ తెరచాప కొయ్యలూ పొగా విడివిడిగా కనిపిస్తే అది చాలా అదృష్టం. నిపుళ్ల మధ్య, గుండుసూది తలంత పిన్నులుంటాయి. హ్యామర్ రెండు గదుల మధ్య కుదురుగా ఆనడానికి పెట్టినవి. ఆరూ నలగకుండా ఉంటే ఆ రివాల్వర్ ఎక్కువ పేలలేదని అర్థం. క్యాపుల మసి తేమను పీల్చి ఉక్కును తినేస్తుంది కనుక, నిపుళ్ల చుట్టూ తుప్పు గుంటలున్నాయేమో చూడటమూ అవసరమే.

బ్యారెల్, ఫ్రేము, ట్రిగ్గర్ గార్డు, పిడి పట్టీ, సిలిండర్ అన్నిటిమీదా ఒకే సీరియల్ నంబరు ఉండాలి. బ్యారెల్‌ను బిగించి ఉంచే చిన్న ఇనప చీలమీద కూడా అదే నంబరుంటే మరీ మంచిది, ఎందుకంటే మొదట పోయేది ఆ చీలే.

సేకర్తలను ఎక్కువగా ముంచేది దొంగ సరుకు కాదు, మళ్లీ పూత వేసిన అసలు సరుకు. తుప్పు తీయడానికి గుడ్డచక్రం మీద మెరుగుపెడితే పలకల అంచులు గుండ్రబడతాయి. అక్షరాల అంచులు మెత్తబడతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ పల్లెంలా గుంట పడుతుంది. దానిమీద కొత్త నీలం వేస్తే, పాత తుప్పు గుంటల అడుగున కూడా నీలమే కనిపిస్తుంది. అసలు పూతలో అలా జరగదు. పూత వేసిన తర్వాతే తుప్పు వచ్చింది కాబట్టి గుంట అడుగు నీలంగా ఉండటానికి వీల్లేదు. ఈ ఒక్క సూత్రం తెలిస్తే సగం మోసాలు అక్కడే తేలిపోతాయి. ఇక నకళ్ల సంగతి. ఇటలీలో ఇలాంటివి 1950ల చివరి నుంచీ తయారవుతున్నాయి. ఇటలీ పరీక్షా ముద్రలను అరగదీసి, ఆమ్లంతో ముసలితనం తెప్పించి అమ్మేవాళ్లున్నారు. సైన్యం వాడినదని చూపే యు.ఎస్. ముద్ర ధర పెంచుతుంది కాబట్టి, దొంగముద్ర కొట్టడమూ మామూలే.

అమెరికా నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ప్రమాణాల్లో పాత తుపాకీకి ‘ఎక్సలెంట్’ స్థాయి రావాలంటే భాగాలన్నీ అసలువై, అసలు పూత 80 శాతానికి పైగా మిగలాలి. ‘ఫైన్’కు 30 శాతం దాటితే చాలు. కొన్నవాళ్లు సాధారణంగా చేసే తప్పు, ఇంటికి తెచ్చి తళతళలాడేలా తోమడం. నల్లబడిన వెండిని, మచ్చపడిన ఇత్తడిని అలాగే వదిలేయాలి. చేతి చెమటలోని ఉప్పు ఉక్కుకు శత్రువు కాబట్టి నూలు తొడుగులతో పట్టుకోవడం, పలచగా మైనం రాయడం చాలు. తోలు ఒరలో దాచకూడదు. తోలులో మిగిలిన ఆమ్లాలు తుప్పునూ చిలుమునూ తెస్తాయి. కొలతకు సరిపడని స్క్రూడ్రైవర్‌తో ఒక్క మర తిప్పినా, చెడిన ఆ గాడి ఎప్పటికీ కనబడుతూనే ఉంటుంది.

అమెరికా 1968 ఫెడరల్ చట్టం ప్రకారం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవి పురాతన ఆయుధాలే. రాష్ట్రాల నిబంధనలు మాత్రం వేరువేరు. అక్కడ కొన్న తెలుగువారు దాన్ని ఇంటికి తీసుకొచ్చే ముందు ఇక్కడి చట్టం చూసుకోవాలి. భారత ఆయుధాల చట్టం, 1959లోని 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది, మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధాలకే. చక్కగా భద్రపరిచిన కోల్ట్ నేవీ ఇప్పటికీ పేలుతుంది.