కార్తెలో దాగిన చుక్క

రేపల్లె రైతుకు రోహిణి అనగానే మెదిలేది ఎండ. మే 25 ప్రాంతంలో మొదలై రోళ్లు పగలగొట్టే కార్తె అది. కానీ ఆ రోజుల్లో రాత్రంతా వెతికినా రోహిణి చుక్క కనబడదు. సూర్యుడు దాని దగ్గరికే చేరతాడు, ఇద్దరూ కలిసి పొడిచి కలిసి అస్తమిస్తారు. కంటికి ఆనని చుక్క పేరు పెట్టి రైతుకు అదును చెప్పడం ఎంతటి పనితనం!

ఆ పనితనానికి రుజువు ఏరువాక పున్నమి. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు కదా. జ్యేష్ఠ మాసంలో వచ్చే ఈ పున్నమినాడు అతని చేరువలో ఎర్రని చుక్క ఒకటి మెరుస్తుంది. అదే జ్యేష్ఠ. సూర్యుడి దారి మీద రోహిణికీ దీనికీ మధ్య ఎడం దాదాపు సరిగ్గా 180 డిగ్రీలు. పున్నమి చంద్రుడు జ్యేష్ఠ చెంత ఉన్నాడంటే రోహిణి సూర్యుడి చాటున ఉన్నట్టే. నెల పేరు రాత్రి కనబడే చుక్కది, కార్తె పేరు పగలు దాగిన చుక్కది. 27 నక్షత్రాల ఒకే బాట మీద చంద్రుడు రోజుకొకటి చొప్పున, సూర్యుడు పదమూడు పద్నాలుగు రోజులకొకటి చొప్పున దాటిపోతారు. రెండు నడకలకూ ఒకే కొలబద్ద సరిపోయింది. పున్నమి ఒక్కో ఏడు ఒక చుక్క అటో ఇటో జరుగుతుంది. అది కొలతలో లోపం కాదు. చాంద్రమాన సంవత్సరం సూర్యుడి ఏడాది కన్నా సుమారు 11 రోజులు తక్కువ. అధిక మాసం వచ్చేది ఆ తేడాను సర్దడానికే.

ఆషాఢం నుంచి భాద్రపదం దాకా మబ్బులదే రాజ్యం. ఆకాశం తేటపడ్డాక కార్తికంలో తూర్పున పిల్లలకోడి, అంటే కృత్తిక, పొద్దుగూకగానే లేస్తుంది. సూర్యలంకలో పున్నమి స్నానాలకు వెళ్లేవారికి వెన్నెల ధాటికి అది సరిగా ఆనదు. నాలుగు రోజులాగి, చంద్రుడు పొడవకముందే చూడాలి.

ఈ బాటకు దూరంగా దక్షిణాన మరో భాగ్యం ఉంది. రేపల్లె 16 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. ధ్రువుడు ఉత్తరాన అంతే ఎత్తున నిలుస్తాడు. అందువల్ల అగస్త్యుడనే చుక్క ఇక్కడ దక్షిణ దిక్కున 21 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఫిబ్రవరి నడుమ రాత్రి తొమ్మిదింటికి చూడండి. మే నడుమ అదే వేళకు త్రిశంకు అనే చుక్కల గుంపు నిటారుగా నిలబడుతుంది. దాని అడుగు చుక్క దిగంతానికి 11 డిగ్రీలే పైన. నిజాంపట్నం వైపు సముద్రం ఒడ్డుకు వెళ్తే అడ్డొచ్చే చెట్టూ ఇల్లూ ఉండవు.