కాళహస్తి కలము

చీనాదేశమున క్రొత్త సంవత్సరము వచ్చుచున్నదనగా ఇంటి తలుపు రెక్కలకు రెండు బొమ్మల కాగితములు అతికించుట ఆచారము. కవచములు తొడిగి, ఆయుధములు పూని, ఎదురెదురుగా నిలిచిన ఆ ద్వారపాలకులలో మిక్కిలి ప్రసిద్ధులు తాంగ్ చక్రవర్తి సేనానులైన చిన్ చియోంగ్, యూచీ గోంగ్. చక్రవర్తికి ప్రేతబాధ వలన నిదుర కరవు కాగా వీరు రాత్రులెల్ల వాకిట కాపుండిరనియు, వారి జాగరణమునకు జాలిపడి ఆయన వారి రూపములు వ్రాయించి తలుపులకు తగిలింపజేసెననియు 16వ శతాబ్దపు ‘పశ్చిమయాత్ర’ కథాగ్రంథమున కలదు. గ్రంథములోని కథ కొయ్య అచ్చుపైకెక్కి, అచ్చునుండి కాగితమునకు దిగి, అక్షరము రాని రైతు గడపకు ఈ విధముగా చేరినది.

మా కడప జిల్లా చాపాడు ప్రాంతమున గడపకు పసుపు, ద్వారమునకు మామిడాకు తప్ప బొమ్మల కాగితమంటించు వాడుక లేదు. అంతమాత్రమున మన జానపదునకు బొమ్మలో కథ చదువుకొను భాగ్యము లేకపోయెనని తలంపరాదు. చీనావారు కాగితమునకు ఇచ్చిన పనిని మనవారు గుడ్డకు ఇచ్చిరి, అంతే భేదము.

కలంకారి యను ఆ గుడ్డపని మనకు రెండు తీరుల కలదు. మచిలీపట్టణము, దాని చెంతనున్న పెడన, కొయ్య అచ్చుల చోట్లు. అక్కడి లతలును పూవులును ఓడలెక్కి పారశీకమునకును ఐరోపాకును పోయినవే గాని, కథ చెప్పుట వాని ప్రధానవృత్తి కాదు. శ్రీకాళహస్తిలో అచ్చు లేదు, కలమే కలదు. అచ్చు ముద్రణాలయము వంటిది, ఒక్కటి చెక్కిన వేయి పుట్టును. కలము తాళపత్రముపై గంటము వంటిది, ఎన్ని మారులు వ్రాసినను ప్రతి ప్రతికి వేరొక రూపు. 1829లో వేమన పద్యములను అచ్చువేయించిన బ్రౌనుదొర కడపలో పండితులను చేర్చి ప్రతులు సరిచూపించుటకు పడిన పాటు తలంచినచో, చేతివ్రాతలోని ఈ చాంచల్యము ఎట్టిదో తెలియును. (యాంగ్‌ల్యూచింగ్ గ్రామపు చీనా పనివారు రేఖలను అచ్చుతో దించి, రంగులను కుంచెతో వేసి, ఈ రెండు మార్గములను కలిపిరి. అది వారి చతురత.)

కాళహస్తి తెరలో నడుమ ఒక పెద్ద ఘట్టము, తరచుగా శ్రీరామపట్టాభిషేకము, చుట్టును వరుసలు వరుసలుగా చిన్న గళ్లు, గళ్లకు తోడుగా కథను చెప్పు తెలుగు అక్షరముల పట్టీలు. ఆలయములలో వ్రేలాడుటకై పుట్టిన తెరలివి. బొమ్మ గీసిన కలమే అక్షరమును వ్రాయును, సిరాయును ఒక్కటే. కనుక చిత్రకారుని, కవి వెంట నడచు బొమ్మలవాడని నేను భావింపను. అతడు కథను మరల చెప్పువాడు. వాల్మీకిలో లేని ఉడుత భక్తిని, లక్ష్మణుని నవ్వును రంగనాథ రామాయణము ద్విపదలో పాడి ఇంటింటి సొత్తు గావించినది. పండితులు ప్రక్షిప్తమని త్రోసిపుచ్చునట్టి కథలే జనుల నాలుకలపై బ్రదికినవి, జనుల నాలుకనుండియే కలమును కథ నేర్చినది. ధూర్జటి కావ్యమున కన్నప్పయైన తిన్నడు మా సీమలోని పొత్తపినాటివాడే. కాళహస్తిలో అతనిని చిత్రింపవలెనన్నచో కలమునకు వేరొక గ్రంథము తెరువ నక్కరలేదు.

పనిని చూచినవారికి ఓర్పు అనునది ఎట్టిదో బోధపడును. నూలుగుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఎండవేయుదురు. పాలలోని జిడ్డు రంగును ప్రక్కలకు ప్రాకనీయదు. చింతబరికెలను కాల్చిన బొగ్గుతో రూపులు గీయుదురు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో దినములకొలది ఊరవేసిన రసమును, వెదురుపుల్లకు గుడ్డపీలిక చుట్టి దారము బిగించిన కలముతో ఆ గీతలపై నడుపుదురు. కలము నడుమనున్న గుడ్డ రసమును పీల్చుకొని నిలువ ఉంచును. వ్రేళ్లు నొక్కినకొలది అది జారును. కరక్కాయ వగరు ఇనుమును తాకగానే రేఖ నల్లబడును. ఎఱుపు కావలసిన చోట పటికనీరు పూయుదురు. పూసినప్పుడు కంటికి ఏమియు కానరాదు, మంజిష్ఠతో కాచినపుడు గాని ఎఱుపు బయటపడదు. ప్రతి రంగునకు పాఱు నీటిలో ఒక యుదుకు, ఆపై ఒక ఎండ.

ఈ విద్య మాయబోవుచుండగా 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రము నెలకొన్నది. 2008లో పద్మశ్రీ పొందిన జొన్నలగడ్డ గురప్పశెట్టిగారు ఆ పరంపరవారు. నేడు ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో ‘కలంకారి’ పేర యంత్రముపై అద్దిన చీరలు కుప్పలు. ఒకచోట అంచుమీది బొమ్మ ఏ కథలోనిదని నేనడుగగా, “కథేముంది సామీ, డిజైనంతే” అని సమాధానము వచ్చినది.

కాళహస్తి పనిలో నల్లన మొదటిది, పిదప ఎఱుపు, ఆ వెనుక కరకపువ్వు పసుపు. నీలము కడపటిది. 19వ శతాబ్దమున నీలిమందు పంటకు మద్రాసు ప్రెసిడెన్సీలో పేరుగన్న జిల్లాలలో కడప యొకటి. ఆకులనూరవేసి, చిలికి, ఆరబెట్టిన ఆ నీలిబిళ్లల వంటి వానితోనే దేవతల మేని ఛాయ వేయవలెను. అందుచేత రాక్షసులు ఎఱ్ఱబడి, స్త్రీలు పసుపుబారి, కోతులు లంక చేరినను, రాముడు మాత్రము నీలి వచ్చుదాక తెల్లని గుడ్డయై నల్లని గీతల నడుమ నిలిచియుండును.